ఎముక అతుక్కుంది, భుజం బిగుసుకోవడం మాత్రం పోలేదు. సొమాటిక్ థెరపీ ఎవరైనా చేయించుకున్నారా?

అందరికీ నమస్కారం. 2021లో సూర్యాపేట దగ్గర హైవే మీద బండి మీద వెళ్తుంటే వెనక నుంచి లారీ తగిలి పడ్డాను. ఎడమ కాలర్‌బోన్ విరిగితే ప్లేటు వేశారు. నాలుగు నెలలు ఫిజియోథెరపీ చేశాను, చెయ్యి ఇప్పుడు పూర్తిగా పైకి లేస్తుంది. ఎక్స్‌రేలో కూడా అంతా బాగానే ఉంది.

కానీ వెనక లారీ హారన్ వినబడితే చాలు, ఎడమ భుజం దానంతటదే చెవి దాకా లేచి బిగుసుకుపోతుంది. ఊపిరి సగంలో ఆగుతుంది. ఇంటికొచ్చి చొక్కా విప్పేటప్పుడు గానీ తెలియదు, మెడ రాయిలా అయిపోయి ఉంటుంది. మా పెద్దమ్మేమో పుత్తూరు కట్టు వేయించుకోమంటుంది. అతుక్కున్న ఎముకకి కట్టెందుకు పెద్దమ్మా అంటే వినదు.

మా ఫిజియో గారే సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ అనే ఒక రకం సొమాటిక్ థెరపీ గురించి చెప్పారు. పీటర్ లెవీన్ అనే అమెరికన్ రూపొందించిన పద్ధతట. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పించకుండా, ఒంట్లో బిగువు ఎక్కడ మొదలవుతోందో, ఎక్కడ వదులవుతోందో కొద్దికొద్దిగా గమనింపజేస్తారట.

యాక్సిడెంట్ తర్వాత ఎవరైనా ఇది చేయించుకున్నారా? ఎన్ని సెషన్లకు తేడా తెలిసింది? తెలుగులో మాట్లాడేవాళ్లు దొరుకుతారా? నా ఒంటి సంగతి ఇంగ్లీషులో చెప్పడం నావల్ల కాదు. ఆన్‌లైన్‌లో కుదురుతుందా, ఎదురుగా కూర్చోవాల్సిందేనా? ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ, మనసులో ఉండిపోయిన భయానికి చేసే థెరపీ) చేయించుకున్నవాళ్లున్నా మీ అనుభవం చెప్పండి.