జైలు క్యూఆర్‌టీ (గొడవైతే వెంటనే దిగే క్విక్ రెస్పాన్స్ టీం) ట్రైనింగ్: చేసినవాళ్లు కాస్త చెప్పండి

కొత్తవార్డర్: వచ్చే నెల నుంచి నన్ను క్యూఆర్‌టీలో వేశారు. బ్యారక్‌లో గొడవైతే లైన్‌లో ముందెవరు ఉండాలి, మనవాణ్ని ఖైదీలు పట్టుకుంటే ఎవరు మాట్లాడాలి, షీల్డుతో ప్రాక్టీసు రోజూ ఉంటుందా?

తాళంగుత్తి: షీల్డు సంగతి తర్వాత తమ్ముడూ, ముందు తాళాలెవరి దగ్గరుంటాయో కనుక్కో. మా మాక్ డ్రిల్‌లో పన్నెండుమందిమి హెల్మెట్లు తగిలించుకుని పరిగెత్తుకుంటూ బ్లాక్ గేటు దగ్గరికొచ్చాం. గుత్తి ఉన్న హెడ్ వార్డర్ టీకి పోయాడు. మేం చెమటలు కక్కుతూ నిలబడితే లోపల రిమాండ్ ఖైదీలు చప్పట్లు కొట్టారు.

పాతకాపు: చెప్పి పెట్టారు కాబట్టే టీకి పోయాడు. ముందే చెప్పి అలారం కొడితే అది డ్రిల్ కాదు, డ్రామా. 31 ఏళ్ల సర్వీసు నాది.

బ్యారక్6: చెప్పకుండా కొడితే ఏమవుతుందో మా దగ్గర చూశాం. టవర్ మీద సెంట్రీ నిజమనుకుని రైఫిల్ లోడ్ చేశాడు. వేలు జారి ఉంటే జవాబు మీరు చెప్తారా?

పాతకాపు: అది వాడి ట్రైనింగ్ లోపం, డ్రిల్‌ది కాదు.

బ్యారక్6: మీ కాలంలో లాఠీ, విజిల్ తప్ప ఏమున్నాయి లెండి.

పాతకాపు: ఆ విజిల్‌తోనే రెండు గొడవలు ఆపాను, నువ్వు ఎన్ని ఆపావు?

వెల్లూరుబ్యాచ్: ఇద్దరూ ఆగండి. నేను వెల్లూరులో జైలు అధికారులకి ట్రైనింగిచ్చే ఆప్కాలో కోర్సు చేసినవాణ్ని. 2016లో భోపాల్ జైల్లో ఎనిమిదిమంది ఖైదీలు ఒక హెడ్ కానిస్టేబుల్‌ను చంపి దుప్పట్లతో గోడ దాటింది దీపావళి రాత్రి. నెల తిరక్కుండా పంజాబ్ నాభా జైలుకి పోలీసు యూనిఫాంలో దుండగులు వచ్చి ఆరుగురు ఖైదీలను విడిపించుకుపోయింది ఆదివారం పొద్దున. మీరు పండగ రాత్రి ఎప్పుడైనా డ్రిల్ పెట్టారా?

హెడ్‌వార్డర్‌గారిభార్య: పండగ రాత్రా! మా ఆయన ఆ టీంలో చేరాక వీక్లీ ఆఫే లేదు, మళ్లీ డ్రిల్లా?

తాళంగుత్తి: తిహార్‌లో 2023 మేలో కత్తిపోట్లు తిన్న ఖైదీని మోసుకొస్తుంటే సిబ్బంది ముందే తోటి ఖైదీలు మళ్లీ పొడిచారు, సీసీటీవీలో దేశమంతా చూసింది. అక్కడ మనుషులు లేక కాదు.

బ్యారక్6: ఉత్త చేతులతో కత్తికి ఎదురు పొమ్మంటారా?

కొత్తవార్డర్: అన్నా, ఎవరు మాట్లాడాలో ఇంకా ఎవరూ చెప్పలేదు.

వెల్లూరుబ్యాచ్: సూపరింటెండెంట్ గారు మాత్రం కాదు. ‘సరే’ అనే అధికారం ఉన్నవాడు మాట్లాడకూడదు, ‘పైన అడిగి చెప్తా’ అంటూ టైం లాగగలిగేవాడు కావాలి.

తాళంగుత్తి: హెల్మెట్ ముందే పెట్టుకుని చూడు. నాకిచ్చింది కళ్ల మీదికి జారేది.