టెంప్లేట్‌లో నింపాలా, షీటంతా కోడ్‌తోనే గీయాలా?

కోడ్‌కూలీ: మాకు 40 బ్రాంచీలు, నెలనెలా ఒక్కోదానికి ఒక షీటు. అకౌంట్స్ మేడం చేసిన ఎక్సెల్ టెంప్లేట్‌ని (ఖాళీ నమూనా ఫారం) పైథాన్‌లో ఓపెన్‌పైఎక్సెల్ (ఎక్సెల్ ఫైళ్ళు చదివి రాసే లైబ్రరీ)తో తెరిచి, అందులోని షీటు కాపీ చేసే కాపీ_వర్క్‌షీట్ ఫంక్షన్‌తో కాపీలు తీస్తున్నా. లోగో రాలేదు, సెల్‌లో జాబితా నుంచి ఎంచుకునే డ్రాప్‌డౌన్లూ రాలేదు. టెంప్లేట్ వదిలేసి, కొత్త ఎక్సెల్ ఫైళ్ళు రాసే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌రైటర్ లైబ్రరీతో మొత్తం గీసుకోనా?

సున్నాకిసున్నా: గీసుకోండి. అది ముందే ఉన్న ఫైళ్ళను చదవదు కాబట్టి ఆ గొడవే ఉండదు.

పాతగుమాస్తా: లోగో కోసం ఇల్లు కూలుస్తారా? ఆ కాపీకి బొమ్మలు, చార్టులు రావని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. బ్రాంచీకోసారి టెంప్లేట్ తెరిచి, నింపి, వేరే పేరుతో సేవ్ చేయండి. పిల్లో (పైథాన్‌లో బొమ్మల లైబ్రరీ) ఇన్‌స్టాల్ చేసి ఉంటే లోగో నిలుస్తుంది.

సున్నాకిసున్నా: ఆయనకు కావాల్సింది ఒకే ఫైల్లో 40 షీట్లు. 40 ఫైళ్ళు కాదు.

పాతగుమాస్తా: అయితే కాపీ అయ్యాక లోగో కోడ్‌తో అతికించండి. రెండు లైన్లు.

సున్నాకిసున్నా: తర్వాత డ్రాప్‌డౌన్లు, తర్వాత కండిషనల్ ఫార్మాటింగ్ (విలువను బట్టి మారే) రంగులు. సగం టెంప్లేట్ కోడ్‌లోకి వచ్చేసింది కదండీ! మా దగ్గర ఒకావిడ పైన ఒక వరస చేర్చింది. నా స్క్రిప్ట్ బి7 సెల్‌లో (బి కాలమ్, ఏడో వరస) రాస్తుంది. అక్కడికి టోటల్ ఫార్ములా దిగింది, దాని మీదే అంకె పడింది. మూడు నెలలు ఎవరూ చూడలేదు. తిట్లు మాత్రం నాకు.

అరటితోట: షీటు పేరు 31 అక్షరాలు దాటకూడదు, స్లాష్ పెట్టకూడదు. మా స్క్రిప్ట్ "24/25" అనే షీటు పేరు దగ్గర ఆగిపోయింది.

పాతగుమాస్తా: బి7 అని నేరుగా రాసిందెవరు? సెల్‌కి పేరు పెట్టుకుంటే వరస చేర్చినా ఎక్సెలే పేరును జరుపుతుంది.

సున్నాకిసున్నా: ఆవిడ పేరే చెరిపేస్తే?

పాతగుమాస్తా: మీ కోపం టెంప్లేట్ మీదా, ఆవిడ మీదా? నేను 22 ఏళ్ళు అకౌంట్స్‌లో చేశాను. ఒకబ్బాయి మొత్తం కోడ్‌లో రాసి ఉద్యోగం మారిపోయాడు. ఒక్క కాలమ్ పెంచాలంటే ముట్టుకునే దిక్కులేదు. నాలుగు నెలలు ప్రింట్ తీసి, స్కేలు పెట్టి పెన్నుతో గీత గీశాం.

సున్నాకిసున్నా: మార్చేముందు ఒక మాట చెప్పొచ్చుగా? రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసి "నీ ప్రోగ్రాం తప్పు" అన్నారు.

పాతగుమాస్తా: మార్చితే చెప్పాలని మాకెప్పుడు చెప్పారు? మా ఫారం మేం దిద్దుకోవడానికి కూడా మీ పర్మిషనా?

కోడ్‌కూలీ: మేడంనే అడిగా. లోగో అక్కర్లేదట, కింద నోట్ నెలనెలా తనే మార్చుకోవాలట. టెంప్లేటే ఉంచుతున్నా, సెల్స్‌కి పేర్లు పెట్టి. డ్రాప్‌డౌన్లు కోడ్‌లో.

అరటితోట: షీటు పేర్లు చూసుకున్నారా?