లైసెన్స్ రివాల్వర్ పైకి కనపడేట్టు నడుముకు పెట్టుకోవచ్చా? చెకింగ్‌లో పోలీసులు ఆపితే ఎట్లా?

కావలి_రొయ్యలు:
కాన్పూర్ ఫ్యాక్టరీ 32 బోర్ రివాల్వర్‌కి కొత్తగా లైసెన్స్ వచ్చింది. రొయ్యల పట్టుబడి రోజుల్లో డబ్బుతో కావలి, ఒంగోలు మధ్య రాత్రిపూట తిరగాలి. అమెరికా వీడియోల్లో తుపాకీ బెల్టుకి బయటే తగిలించుకొని, పోలీసు వస్తే "నా హక్కు" అని వాదిస్తుంటారు. మన దగ్గర అట్లా కుదురుతుందా? టంగుటూరు టోల్‌గేట్ దగ్గర ఆపితే ముందే చెప్పాలా, అడిగినాక చెప్పాలా? అప్పుడప్పుడు దోర్నాల మీదుగా శ్రీశైలం కూడా పోతుంటాం.

ఒంగోలు_ప్లీడరు:
కుదరదు. 2016 ఆయుధ నియమాల్లో 32వ నియమం చదవండి. బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీ ఒంటికి కట్టిన హోల్‌స్టర్ (తుపాకీ ఒర)లో గానీ సంచిలో గానీ ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మీ అదుపులో ఉండాలి. అంటే హోల్‌స్టర్‌లో పెట్టి చొక్కా టక్ చేసుకుంటే సరిపోదు, చొక్కా పైన పడాలి. డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల పొడవు తుపాకీ) భుజాన వేసుకొని బజార్లో నడిచేవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది, దానికి కవరు ఉండాల్సిందే.

అమెరికా సంగతి వేరు. అక్కడ తుపాకీ రాజ్యాంగంలోని రెండో సవరణ ఇచ్చిన హక్కు, పైగా రాష్ట్రానికో పద్ధతి. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి అర్హత ఉన్నవాళ్ళకి పర్మిట్ కూడా అక్కర్లేదు, కనపడేట్టు పెట్టుకుంటే మాత్రం హోల్‌స్టర్ ఉండాలి. పోలీసు ఆపగానే తుపాకీ సంగతి చెప్పితీరాలనే రాష్ట్రాలున్నాయి, అడిగితే చెబితే చాలనేవీ ఉన్నాయి. మన దగ్గర అది హక్కు కాదు, 1959 ఆయుధ చట్టం కింద ఇచ్చే అనుమతి. 17వ సెక్షన్ కింద దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. లైసెన్స్ షరతు తప్పితే 30వ సెక్షన్, ఆరు నెలల దాకా జైలు లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జరిమానా చిన్నదే, పోయేది లైసెన్స్.

పెళ్ళి ఊరేగింపులో గాల్లోకి కాల్చే సరదా ఎవరికైనా ఉంటే, ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత దానికి రెండేళ్ళ దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

పాత_స్టేషన్_రైటరు:
చెకింగ్ మాట. ఆయుధ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఏ పోలీసు అధికారి అయినా లైసెన్స్ చూపమని అడగొచ్చు. చూపలేకపోతే పేరు, అడ్రసు రాసుకొని ఆయుధం స్వాధీనం చేసుకుంటారు. పేరు చెప్పనన్నా, తప్పుడు పేరని అనుమానం వచ్చినా వారెంట్ లేకుండా అరెస్టు. కాబట్టి ఒరిజినల్ లైసెన్స్ బుక్కు వెంట ఉండాల్సిందే, జిరాక్సునో ఫోన్లో ఫోటోనో నమ్ముకోవద్దు.

బుక్కుని హోల్‌స్టర్ ఉన్న వైపు జేబులోనో, తుపాకీ ఉన్న సంచిలోనో పెట్టొద్దు. చాలామంది చేసేది అదే. లైసెన్స్ తీస్తానని చెయ్యి అటు పోతే, చీకట్లో ఎదురుగా ఉన్న కానిస్టేబుల్‌కి కనపడేది తుపాకీ వైపు పోతున్న చెయ్యి. చొక్కా పైజేబులో పెట్టండి. బండి ఆపి, లోపలి లైటు వేసి, చేతులు స్టీరింగ్ మీద ఉంచి, అడక్కముందే "సార్, లైసెన్స్ రివాల్వర్ ఉంది, కుడి నడుముకి" అని చెప్పండి. చూపించడానికి మీ అంతట మీరు బయటికి తీయొద్దు.

స్వాధీనం చేసుకుంటే వాదన వద్దు, రసీదు అడగండి. అందులో తుపాకీ నంబరు, తూటాల సంఖ్య రెండూ ఉండాలి. తూటాల సంఖ్య రాయించుకోకపోతే తర్వాత ఎవరూ తేల్చలేరు. ఎన్నికలప్పుడు తుపాకీ స్టేషన్‌లో అప్పగించమంటారు కదా, ఆ డిపాజిట్ రసీదుకీ ఇంతే. 2024లో మార్చి 16న ఎన్నికల షెడ్యూల్ వచ్చింది, జూన్ 4న లెక్కింపు. అన్నాళ్ళు స్టేషన్‌లో ఉండే వస్తువుని తోలు హోల్‌స్టర్‌తో సహా ఇవ్వొద్దు. మన సముద్రపు గాలికి తోలు చెమ్మ పట్టి ఇనుము తుప్పు తింటుంది. తుడిచి, నూనె రాసి, గుడ్డలో చుట్టి ఇవ్వండి.

బోరు_బ్రష్షు:
పోలీసులు తుపాకీ ఖాళీ చేసి ఇమ్మంటే ఎట్లా అనేది ఎవరూ రాయలేదు. కాన్పూర్ రివాల్వర్ మధ్యకి విరిగే రకం. గొళ్ళెం నొక్కి గొట్టం కిందికి వంచగానే ఆరు తూటాలూ ఒకేసారి పైకి లేచి బయటికి పడతాయి. రోడ్డు పక్కన చీకట్లో అట్లా చేస్తే రెండు కంపలో పోతాయి, లెక్క తప్పుతుంది. నోరు నేలవైపు పెట్టి, అరచెయ్యి తూటాల మీద ఆనించి మెల్లగా వంచండి. పిస్టల్ ఉన్నవాళ్ళు ముందు మ్యాగజైన్ (పిడిలో ఉండే తూటాల పెట్టె) తీసి, తర్వాతే స్లైడ్ (పైన వెనక్కి జరిగే భాగం) లాగాలి. తిరగేసి చేస్తే మ్యాగజైన్ నుంచి ఇంకో తూటా లోపలికి ఎక్కుతుంది, ఖాళీ అనుకొని చేతికిస్తారు. ప్రమాదాలు అక్కడే.

కావలి_రొయ్యలు:
అందరికీ దండాలు. ఇంకొక్కటి. బ్యాంకులోకి పోయేటప్పుడు తుపాకీ కార్లో డ్రైవర్ దగ్గర పెట్టి పోవచ్చా?

ఒంగోలు_ప్లీడరు:
వద్దు. 3వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది గానీ చాలా ఇరుకు. మీ ఎదుట గానీ, మీ రాతపూర్వక అనుమతితో గానీ, రిపేరుకో రెన్యువల్‌కో మీ వాడకానికో వేరే మనిషి మోయొచ్చు. మీరు లోపల, కాగితం లేకుండా డ్రైవర్ బయట ఉంటే, ఆ నిమిషంలో అతను లైసెన్స్ లేకుండా ఆయుధం పెట్టుకున్నవాడి కింద లెక్క. దానికి శిక్ష రెండేళ్ళ నుంచి ఐదేళ్ళు. పాపం, నెల జీతగాడు ఇరుక్కుంటాడు.

బుక్కులో చెల్లుబాటు ప్రాంతం కూడా చూసుకోండి. జిల్లా వరకే అని ఉంటే ఒంగోలుకి కూడా పనికిరాదు, కావలి నెల్లూరు జిల్లా కదా. జిల్లాల హద్దులు మారిన కందుకూరు వైపు వాళ్ళు మరీ జాగ్రత్త.

నల్లమల_వాడు:
శ్రీశైలం మాట మర్చిపోయారు. దోర్నాల దాటితే పులుల అభయారణ్యం. వన్యప్రాణి చట్టం 31వ సెక్షన్ ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ ముందుగా రాసిచ్చిన అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఏ ఆయుధమూ తీసుకుపోకూడదు. కలెక్టర్ ఇచ్చిన లైసెన్స్ దీనికి చాలదు. అటవీ చెక్‌పోస్టులో పట్టుబడితే కేసు పోలీసులది కాదు, అటవీ శాఖది. పందులు చేలో పడుతున్నాయని తుపాకీ తీసే రైతులకీ ఇదే చెబుతున్నా, 2022 సవరణ తర్వాత అడవి పంది ఆ చట్టంలో రక్షణ ఉన్న జంతువుల రెండో షెడ్యూల్‌లో ఉంది. దర్శనానికి పోయేటప్పుడు రివాల్వర్ ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేసి పోండి, తాళంచెవి మీ దగ్గరే ఉండాలి.