వానలు మొదలవుతున్నాయి, అమ్మానాన్నలకి ఫ్లూ టీకా, కోవిడ్ బూస్టర్ రెండూ వేయించాలా?

తెనాలి అమ్మాయి:
నాన్నకి 71, షుగర్. అమ్మకి 66, ఆయాసం, ఇన్‌హేలర్ వాడుతుంది. పోయిన ఆగస్టులో అమ్మకి జలుబే కదా అని అల్లం కషాయంతో సరిపెడితే నాలుగో రోజుకి ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంది, టెస్టులో ఇన్‌ఫ్లుయెంజా ఎ (ఫ్లూలో ఒక రకం) అని తేలింది. ఈసారి డాక్టరుగారు ఇద్దరికీ ఫ్లూ టీకా వేయించమన్నారు, కోవిడ్ బూస్టర్ దొరికితే అదీ మంచిదే అన్నారు. నాన్న మాత్రం ససేమిరా అంటున్నారు. "కోవిషీల్డ్ రెండు, 2022లో ఇంకొకటి, మొత్తం మూడు పొడిపించుకున్నాను, ఇంకెన్నేళ్లమ్మా ఈ పొడుపులు" అని ఆయన గోల. మీ ఇళ్లల్లో ఏం చేస్తున్నారు?

రేపల్లె ప్యాసింజర్:
నా ఓటు మీ నాన్నగారికే. ఏటా వేయించుకోవాల్సి వస్తే అది టీకా ఎలా అవుతుందండీ, సెల్‌ఫోన్ రీచార్జ్ అవుతుంది గానీ. చిన్నప్పుడు పోలియో చుక్కలు వేశారు, అంతటితో అయిపోయింది. మా దగ్గర మనిషికి రెండు వేలు చెప్పారు, ఇద్దరికి నాలుగు వేలు, అదీ ప్రతి ఏడూ. అంత అవసరమైతే ప్రభుత్వమే ఉచితంగా వేసేది కదా. పైగా మా తోడల్లుడు ఫ్లూ సూది వేయించుకున్న వారానికే జ్వరంతో మంచం పట్టాడు.

సూదిమందు సిస్టర్:
పదిహేనేళ్లుగా సూదులు వేస్తున్నాను కాబట్టి చెబుతున్నా. పోలియోతో పోల్చకండి, ఫ్లూ వైరస్ ఏటా వేషం మారుస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి, ఏ రకాలు కలపాలో చెబుతుంది. బి యమగట అనే రకం 2020 మార్చి తర్వాత ఎక్కడా కనబడకపోయేసరికి దాన్ని తీసేయమన్నారు, నాలుగు రకాల టీకా మూడుకి దిగింది. వ్యాపారమే అయితే నాలుగూ ఉంచి డబ్బులు గుంజేవాళ్లు కాదూ?

మీ తోడల్లుడి సంగతి. సూదిలో ఉండేది చంపిన వైరస్, దానివల్ల ఫ్లూ రాదు. ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, కాస్త వెచ్చబడటం ఉంటాయి. పని మొదలెట్టడానికి మాత్రం దానికి రెండు వారాలు పడుతుంది, ఈలోగా వేరే ఏది తగిలినా నింద సూది మీదే పడుతుంది. ఇది కవచకుండలం అని నేనూ అనను. బాగా కుదిరిన ఏడాదిలో నూటికి 40 నుంచి 60 పాళ్లు కాపాడుతుంది, ముసలివాళ్లలో ఇంకా తక్కువ. కానీ జ్వరం వచ్చినా ఆక్సిజన్ దాకా పోకుండా ఉండటమే కదా మనకి కావాల్సింది.

అమ్మాయ్, ఒక్కటి మాత్రం మర్చిపోకు. సూది వేయించే ముందు డబ్బా చేతిలోకి తీసుకుని లేబుల్ చదువు. ఎన్‌హెచ్ 2025-26 అని ఉంటే అది ఉత్తరార్ధగోళానిది, పోయిన చలికాలం సరుకు. మనకి ఫ్లూ జోరు వానాకాలంలో, దక్షిణార్ధగోళంలో చలికాలం కూడా అప్పుడే, కాబట్టి ఎస్‌హెచ్ 2026 (దక్షిణార్ధగోళానిది) అని ఉన్నది అడుగు. ఫ్రిజ్‌లోంచి తీస్తున్నారో లేదో కూడా చూడు, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కౌంటర్ మీద ఎండ పడేచోట పెట్టి ఇంకొకరితో కబుర్లు చెప్పేవాళ్లని చూశాను నేను.

లీడ్స్ మావయ్య:
ఇక్కడ బ్రిటన్‌లో నాకు 58, షుగర్ ఉందని ఫ్లూ సూది ఉచితంగా వేస్తారు. కోవిడ్‌ది అడిగితే మీకు రాదు పొమ్మన్నారు. 2025 శరత్కాలం నుంచి 75 దాటినవాళ్లకి, వృద్ధాశ్రమాల్లోని పెద్దలకి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకి మాత్రమే ఇస్తున్నారు. మందుల షాపులో సొంత డబ్బుతో అయితే దాదాపు వంద పౌండ్లు అన్నాడు, దణ్ణం పెట్టి వచ్చేశాను. అంటే ఇక్కడి ప్రభుత్వం కూడా ఈ రెండు సూదుల్నీ ఒకే గాటన కట్టట్లేదు, మీరెందుకు కడుతున్నారు?

రేపల్లె ప్యాసింజర్:
సరే, ఫ్లూ సంగతి ఒప్పుకున్నాననుకోండి. కోవిషీల్డ్ మాటేంటి? అరుదుగా రక్తం గడ్డలు కట్టొచ్చని ఆ టీకా తెచ్చిన ఆస్ట్రాజెనెకా కంపెనీయే 2024లో బ్రిటన్ కోర్టుకిచ్చిన కాగితాల్లో ఒప్పుకుంది. జిమ్‌లో పడిపోయే కుర్రాళ్ల వీడియోలు రోజూ చూస్తూనే ఉన్నాం.

సూదిమందు సిస్టర్:
గడ్డల మాట నిజమే, దాచేదేం లేదు. కానీ అది చాలా అరుదు, వచ్చినా సూది పడ్డ కొద్ది వారాల్లోనే, నాలుగేళ్ల తర్వాత కాదు. కుర్రాళ్ల హఠాన్మరణాల మీద ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 47 ఆసుపత్రుల్లో వివరాలు సేకరించి 2023లో అధ్యయనం ప్రచురించింది. రెండు డోసులు పడ్డవాళ్లలో ముప్పు తగ్గింది గానీ పెరగలేదని తేలింది. ముప్పు పెంచినవి కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరడం, ఇంట్లో అలాంటి చావులు ఉండటం, విపరీతమైన తాగుడు. ఆ మూడోదాని మీద వీడియోలు ఎందుకు రావో మరి.

అయితే అమ్మాయ్, కోవిడ్ బూస్టర్ కోసం ఊరూరా తిరగమని మాత్రం చెప్పను. దొరకడమే కష్టం, ఎక్కడైనా పాత రకం ఉంటే దానికోసం హైరానా పడకు. ముందు ఫ్లూ పని చూడు. ప్రభుత్వం వేయట్లేదన్న మాటకొస్తే, మన సర్కారు టీకాల జాబితా ప్రధానంగా పిల్లలది, గర్భిణులది. పెద్దవాళ్ల టీకాలు ఎవరి జేబుకి వాళ్లవే. అది వ్యవస్థలో లోపం, టీకాది కాదు.

తెనాలి అమ్మాయి:
శనివారం వెళ్లాం. మొదటి షాపులో డబ్బా అడిగి చూస్తే ఎన్‌హెచ్ 2025-26, ఎక్స్‌పైరీ ఆ నెలాఖరుకే. "ఏదైనా ఒకటేనమ్మా" అన్నాడు, ఒకటైతే రెండు పేర్లెందుకు అని అడిగి బయటికొచ్చేశా. రెండో చోట ఫ్రిజ్‌లోంచి తీసి లేబుల్ చూపించి మరీ వేశారు, 1,900 అయింది. రాత్రి అమ్మకి కొంచెం చెయ్యి లాగింది, పొద్దున్నకల్లా మామూలే, పప్పు రుబ్బింది కూడా. కోవిడ్‌ది రెండు ఆసుపత్రుల్లో అడిగా, లేదన్నారు, వదిలేశాను.

నాన్న మాతోపాటే వచ్చారు, లోపలికి మాత్రం రాలేదు. బయట బెంచీ మీద పేపర్ చదువుతూ కూర్చుని "మీ అమ్మకేం కాకపోతే వచ్చే శనివారం చూద్దాంలే" అన్నారు.

రేపల్లె ప్యాసింజర్:
అంటే వచ్చే శనివారం దాకా ఆయన మా పార్టీయే. తర్వాత ఏమైందో చెప్పండి, మా ఇంట్లోనూ ఇదే గొడవ నడుస్తోంది.