సాల్మన్ జన్యు పరీక్షలు మన పెన్నా చేపలకు ఏ విధంగా పనికివస్తాయి?

ఆత్మకూరు సంఘ సభ్యుడు:
నేను మత్స్యకార సహకార సంఘంలో సభ్యుడిని. సోమశిల వంటి జలాశయాల్లో హేచరీ చేపపిల్లలను వదిలితే నదికి మేలే జరుగుతుందని ఇంతకాలం నమ్ముతూ వచ్చాము. అయితే నార్వేలో సాల్మన్ చేపలు తగ్గిపోయిన నదుల్లో పిల్లలను వదలాలంటే, ముందుగా తల్లిచేపల జన్యువులను పరీక్షించి, పెంపకం చేపల సంతతి అని తేలినవాటిని పక్కన పెడతారని చదివాను. జాతి ఒకటే అయినప్పుడు ఇంత పట్టింపు ఎందుకు? పరాన్నజీవులపై నిఘాకు కూడా జన్యు పరీక్షలే వాడతారట, అది ఎలాగో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

ముత్తుకూరు మత్స్య కళాశాల పూర్వవిద్యార్థి:
అట్లాంటిక్ సాల్మన్ నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి సాధారణంగా తాను పుట్టిన నదికే తిరిగి వస్తుంది. తరతరాలుగా ఇలా సాగడం వల్ల ఒక్కొక్క నది చేపలు అక్కడి చలికి, ప్రవాహానికి, రోగాలకు తగినట్లు వేరు వేరు వంశాలుగా స్థిరపడ్డాయి. జాతి ఒకటే అయినా వంశం ఒకటి కాదు.

ఈ తేడా ఎంత ముఖ్యమో గైరోడాక్టిలస్ సలారిస్ చూపించింది. అర మిల్లీమీటరు మాత్రమే ఉండే ఈ పరాన్నజీవి చేప చర్మానికి, రెక్కలకు అంటుకుని బతుకుతుంది. బాల్టిక్ ప్రాంతపు కొన్ని సాల్మన్ వంశాలు దీనిని చాలావరకు తట్టుకోగలవు. నార్వేలో 1975లో తొలిసారి కనబడిన ఈ జీవి, స్వీడన్ నుంచి తెచ్చిన పిల్లలతో పాటు వచ్చి, క్రమంగా 50 వరకు నదులకు పాకింది. దానిని ఎన్నడూ ఎరుగని అక్కడి వంశాల్లో పిల్లచేపలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. దానిని వదిలించడానికి రోటినోన్ అనే మందు కలిపి నదిలోని చేపలన్నింటినీ చంపవలసి వచ్చింది. ఒక నదిని బతికించడానికి ముందు దానిని ఖాళీ చేయవలసి రావడం నన్ను ఎంతో బాధించే విషయం. ఆ నది వంశాన్ని జన్యు నిధిలో కాపాడుకోగలిగిన చోట, శుద్ధి ముగిశాక అదే వంశాన్ని తిరిగి వదిలారు. నార్వే 1986 నుంచే మగచేపల వీర్యాన్ని గడ్డకట్టించి భద్రపరుస్తోంది.

నిఘా విషయానికి వస్తే, గైరోడాక్టిలస్ రకాలు సూక్ష్మదర్శినిలో ఒకదానినొకటి పోలి ఉంటాయి కనుక, ఏది ప్రమాదకరమో డీఎన్‌ఏతోనే నిర్ధారిస్తారు. నది నీటిని వడపోసి, అందులో మిగిలిన డీఎన్‌ఏ ద్వారా దాని ఉనికిని కనిపెట్టే పద్ధతి కూడా ఉంది.

కోవూరు చేపల రైతు:
పెంపకం వంశం చెరువుకు మంచిదైనంత మాత్రాన నదికి మంచిది కాదన్నది నా అభిప్రాయం. ఐర్లండ్‌లోని బరిషూల్ నదిలో జరిగిన ప్రయోగాల్లో పెంపకం సాల్మన్ సంతతి వేగంగా పెరిగినా, గుడ్డు నుంచి పెద్దచేప దాకా బతికి బట్టకట్టినవి నదిలోని సహజ వంశపు చేపల కంటే చాలా తక్కువ. మనం ఇష్టంగా పెంచే జయంతి శీలావతిని కూడా భువనేశ్వర్‌లోని కేంద్ర పరిశోధన సంస్థ, నార్వే శాస్త్రవేత్తల సహకారంతో, గంగ, యమున, బ్రహ్మపుత్ర, సట్లెజ్, గోమతి నదుల చేపలను సేకరించి అభివృద్ధి చేసింది. నదుల్లో ఆ వైవిధ్యం మిగిలి ఉండబట్టే ఆ పని సాధ్యమయింది. నదులన్నింటా పెంపకం రక్తమే నిండిపోతే, రేపు మరో మేలైన వంశానికి మూలం ఎక్కడ దొరుకుతుంది?

ఇందుకూరుపేట రొయ్యల సాగుదారు:
రొయ్యల గుంటల వారికి ఇటువంటి నిఘా కొత్త కాదు. ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి సోకిన రొయ్య వెంటనే చావదు, ఎదుగుదల ఆగిపోతుంది. అందుకే పిల్లలను దించేముందే పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటాము. సాల్మన్ పెంచేవారు ఇంకొక అడుగు ముందుకు వేశారు. సాల్మన్‌ను పట్టి పీడించే సముద్రపు పేలు అనే పరాన్నజీవుల్లో కొన్ని మందులకు లొంగనివి తయారయ్యాయి. ఆర్గానోఫాస్ఫేట్ మందును తట్టుకునే శక్తికి కారణమైన జన్యు మార్పు ఏదో తెలిసింది కనుక, మందు వాడకముందే పేలను పరీక్షించి అది పనిచేస్తుందో లేదో చెప్పగలుగుతున్నారు.

ఆత్మకూరు సంఘ సభ్యుడు:
అందరికీ ధన్యవాదాలు. మా వలల్లో పడే పెన్నా చేపల నమూనాలను భద్రపరచాలంటే ఏమి చేయాలి?

ముత్తుకూరు మత్స్య కళాశాల పూర్వవిద్యార్థి:
చేపను చంపనవసరం లేదు. రెక్క చివర గోరంత ముక్క కత్తిరించి, 95 శాతం ఇథనాల్ నింపిన చిన్న సీసాలో వేయండి. ఫార్మలిన్ డీఎన్‌ఏను పాడుచేస్తుంది కనుక దానిని వాడవద్దు. ఒక్కో చేపకు ఒక్కో సీసా ఉండాలి, కత్తెరను ప్రతిసారీ శుభ్రపరచాలి. పట్టిన చోటు, తేదీ పెన్సిలుతో రాసిన చీటీని సీసా లోపలే ఉంచండి, ఎందుకంటే సిరా ఇథనాల్‌లో కరిగిపోతుంది.