పాత మెషీన్ మాన్యువళ్ళు స్కాన్ చేయించాను, వెతికితే ఒక్క మాటా దొరకట్లేదు

బాలానగర్ లేత్:
నాన్నగారి వర్క్‌షాపులో 2 బీరువాల నిండా పాత మాన్యువళ్ళు, డ్రాయింగులు ఉన్నాయి. చెదలు పడుతున్నాయని జిరాక్స్ షాపులో 600 పేజీలు స్కాన్ చేయించాను. పీడీఎఫ్ తెరిచి గేర్‌బాక్స్ అని ఇంగ్లీషులో కొడితే ఏమీ రాదు. మార్జిన్లలో నాన్నగారు తెలుగులో రాసుకున్న సెట్టింగులు కూడా కావాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

తార్నాక పాతకాగితం:
అన్నా, మీ దగ్గరున్నవి పేజీల ఫోటోలు మాత్రమే. ఓసీఆర్ చేస్తేనే, అంటే బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్ చేత చదివిస్తేనే, అవి వెతకడానికి పనికొస్తాయి. ముందు ఎంత డీపీఐలో (అంగుళానికి ఎన్ని చుక్కలు) స్కాన్ చేశారో చూడండి. నేను 150లో చేయించి, సగం చెత్త వచ్చాక మళ్ళీ 300లో చేయించుకున్నాను. గ్రేస్కేల్‌లోనే అడగండి. నేరుగా నలుపు తెలుపులో చేస్తే సన్నటి చుక్కలు ఎగిరిపోతాయి.

తర్వాత ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే ప్రోగ్రామ్ వాడండి, ఉచితం. లోపల అక్షరాలు చదివే ఇంజిన్ టెసరాక్ట్. అది హెచ్‌పీ కంపెనీలో 1980ల్లో పుట్టి 2005లో ఓపెన్‌సోర్స్ అయింది. ఓసీఆర్‌మైపీడీఎఫ్ పేజీ బొమ్మను ఉంచి, దానికి కంటికి కనిపించని అక్షరాల పొర జతచేస్తుంది. వంకర పేజీలుంటే సరిచేయమని ఆప్షన్ ఇవ్వండి. అచ్చు తెలుగు ఉన్న పేజీలకే తెలుగు భాష జతచేయండి, అన్నిటికీ పెడితే పని నెమ్మదిస్తుంది.

కూకట్‌పల్లి ఫిట్టర్:
అంకెల దగ్గర మాత్రం దయచేసి దాన్ని నమ్మకండి. డ్రాయింగులో 0.03 ఉంటే మాకు 0.08 అని చదివింది. ఆ కొలత కాపీ చేసి 20 బుష్‌లు చేశాం. అన్నీ లూజే, స్క్రాప్‌లో పడేశాం. వ్యాసం (డయామీటర్) గుర్తు Øని సున్నా అనుకుని Ø40ని 040 చేస్తుంది. ఇప్పుడు ఒకరు కాగితం చూసి పైకి చదువుతారు, ఇంకొకరు కంప్యూటర్‌లో సరిచూస్తారు. అడ్డంగా, నిలువుగా రాసిన కొలతలున్న డ్రాయింగుల్లో చాలావరకు చేత్తో కొట్టాల్సిందే.

బాలానగర్ లేత్:
మరి చేతిరాత?

తార్నాక పాతకాగితం:
టెసరాక్ట్ అచ్చు అక్షరాలకే, చేతిరాత దాని వల్ల కాదు. మీరే టైపు చేసి పక్కన పేజీ నంబరు వేసుకోండి. ఇంకోటి, తెలుగులో వెతికేటప్పుడు పూర్తి మాట కొట్టకండి. 'బేరిం' అంటే బేరింగ్, బేరింగు, బేరింగులకు అన్నీ దొరుకుతాయి.

బాలానగర్ లేత్:
40 పేజీలు 300లో మళ్ళీ చేయించాను, గేర్‌బాక్స్ వెంటనే దొరికింది. రాత్రి నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆయన చదువుతుంటే నేను టైపు చేశాను, 11 పేజీలయ్యాయి. ఒకచోట ఆయన రాత ఆయనకే అర్థం కాలేదు. ఆ ముక్క ఫోటో తీసి ఆ పేజీ నోట్స్‌లోనే పెట్టాను.