డైర్ స్ట్రెయిట్స్: ఆ గిటార్ టోన్ ఎలా? ఆల్బమ్‌లు ఏ వరసలో?

తార్నాక_తీగలు:
వచ్చే నెల సికింద్రాబాద్‌లో మా బ్యాండ్ ప్రోగ్రామ్. బ్రిటిష్ రాక్ బ్యాండ్ డైర్ స్ట్రెయిట్స్ పాట సుల్తాన్స్ ఆఫ్ స్వింగ్ వాయిద్దామనుకుంటున్నాం. పిక్‌తో (తీగలు మీటే చిన్న ముక్క) కొడితే టోన్ మరీ పదునుగా వస్తోంది. పనిలో పనిగా, వాళ్ల ఆల్బమ్‌లు ఏ వరసలో వినాలో చెప్పండన్నా.

ఉప్పల్_స్ట్రాట్:
ముందు పిక్ పక్కన పెట్టు తమ్ముడూ. ఆ బ్యాండ్ గిటారిస్ట్ మార్క్ నాప్‌ఫ్లర్ మీటేది బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలుతో. మిగతా రెండూ గిటార్ బాడీకి ఆనించు, చెయ్యి కుదురుగా ఉంటుంది. స్విచ్ బ్రిడ్జ్, మిడిల్ పికప్‌లు (తీగల మోతను పట్టే భాగాలు) కలిసే చోట పెట్టు. యాంప్‌లో గెయిన్ (మోతను గరుకుగా చేసే నాబ్) బాగా తగ్గించు. ఎక్కువైతే మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఒకేలా మోగుతుంది, ఇక పాటలో ఏం మిగలదు.
చివర్లో వచ్చే స్పీడ్ ముక్క: డీ మైనర్‌కి ఒకటో తీగ 13వ ఫ్రెట్ నుంచి 10కి పుల్ ఆఫ్ (నొక్కిన వేలితోనే తీగ లాగి వదలడం), వెంటనే రెండో తీగ 10. బీ ఫ్లాట్‌కి రెండో తీగ ఒక్కటే 11కి మారుతుంది. సీకి 15, 12, రెండో తీగ 13. మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 80 దెబ్బల దగ్గర మొదలెట్టు.

ఈసీఐఎల్_బేసిస్ట్:
1978 మొదటి ఆల్బమ్ తర్వాత నేరుగా 1980 మేకింగ్ మూవీస్‌కి వెళ్లు. మార్క్ తమ్ముడు డేవిడ్ ఆ రికార్డింగ్ మధ్యలోనే తప్పుకున్నాడు. పియానో వచ్చి చేరింది, పాటలు పొడుగయ్యాయి. 1982 లవ్ ఓవర్ గోల్డ్‌లో మొదటి పాటే 14 నిమిషాలు! 1985 బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్ ఎలాగూ వినే ఉంటావు. 1991ది ఆఖరిది, తీరిగ్గా విను. మొదటి నుంచి చివరిదాకా ఉన్నది మార్క్, బేసిస్ట్ జాన్ ఇల్‌స్లీ ఇద్దరే.

తార్నాక_తీగలు:
నాది హంబకర్ (రెండు కాయిళ్ల పికప్) గిటార్ అన్నా, నడుస్తుందా?

ఉప్పల్_స్ట్రాట్:
కాయిల్ స్ప్లిట్ (పికప్‌లో ఒక్క కాయిల్‌నే వాడే ఏర్పాటు) ఉంటే రెండు పికప్‌లూ స్ప్లిట్ చేసి స్విచ్ మధ్యలో పెట్టు. లేకపోతే యాంప్‌లో బేస్ తగ్గించి, గిటార్ వాల్యూమ్ 7 దగ్గర ఉంచు.